శుద్ధజలములో చేప బ్రదుకునా?

చెన్నపట్టణపు గృహస్థునకు నీటి భేదములు తెలిసినంతగా మఱి యే నగరవాసికిని తెలియవేమో. పుళల్, చెంబరంబాక్కం చెఱువులనుండి గొట్టములలో వచ్చు మెట్రో వాటరు, శ్రీశైలమునుండి తెలుగుగంగ కాలువవెంట కండలేరు దాటి పూండి చేరిన కృష్ణాజలము, మీంజూరునందును నెమ్మేలియందును సముద్రమునుండి తీసిన మంచినీరు, పెరటి బోరునీరు, వేసవిలో లారీనీరు, 20 లీటర్ల క్యానులలో గుమ్మముముందు దిగు నీరు, ఇన్ని జలములు ఋతువునుబట్టి ఒక్క యింటనే మాఱుచుండును. మనుష్యుడు వీనిలో నచ్చనిదానిని త్రాగుట మానివేయగలడు. గాజుతొట్టిలోని చేపకు ఆ స్వాతంత్ర్యము లేదు. మనము పోసిన నీటిలోనే అది ఊపిరి పీల్చవలెను, తినవలెను, విసర్జింపవలెను.

రంగుచేపల పెంపకమునకును వర్తకమునకును దేశమంతట పేరొందిన కొళత్తూరు ఈ నగరపు ఉత్తరభాగమునందే యున్నది. అక్కడి దుకాణములలో ప్రాణవాయువు నింపి రబ్బరుబ్యాండు బిగించిన ప్లాస్టిక్ సంచిలో గప్పీలనో, ఏంజెల్ చేపలనో, నియాన్ టెట్రాలనో కొని యింటికి తెచ్చుకొనువారిలో ననేకులు, తాము త్రాగు ఆర్ఓ నీటికంటె నిర్మలమైనది మఱియొకటి లేదని తలచి, ఆ నీటినే తొట్టినిండ పోయుదురు. ఆ పోయుటలో వాత్సల్యమున్నది, సందేహము లేదు. కాని నిర్మలమైన నీరు వేఱు, చేపకు సరిపడు నీరు వేఱు. ఈ భేదము తెలియకపోవుటచేత ఎన్నో చేపలు రోగచిహ్న మేదియు కనబడకయే చచ్చుచున్నవి.

ఆర్ఓ యనగా విలోమ ద్రవాభిసరణము. స్వభావసిద్ధముగా నీరు సూక్ష్మమైన పొరగుండ పలుచని ద్రావణమునుండి చిక్కని ద్రావణమువైపు ప్రసరించును. ఒత్తిడి ప్రయోగించి ఆ ప్రసారమును వెనుకకు త్రిప్పినచో నీరు ఇవతలికి వచ్చి లవణములు అవతలనే నిలిచిపోవును. ఆచరణకు పనికివచ్చు అట్టి పొరను 1950ల చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబ్‌తో కలిసి రూపొందించినవాడు శ్రీనివాస సౌరిరాజన్ అను భారతీయుడు. ఈ పద్ధతితోనే నడచు మీంజూరు కర్మాగారము 2010లోను, నెమ్మేలి కర్మాగారము 2013లోను, ఒక్కొక్కటి దినమునకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యముతో పని ప్రారంభించినవి. ఇచట గమనింపదగిన విశేష మొకటి కలదు. సముద్రజలమును శుద్ధిచేయు కర్మాగారములు పొరనుండి వెలువడిన నీటిని ఉన్నదున్నట్లుగా ఊరిమీదికి వదలవు. లవణరహితమైన నీరు ఇనుమును, సిమెంటును తినివేయును గనుక, సున్నమును బొగ్గుపులుసు వాయువును చేర్చియో, సున్నపురాతిగుండ పాఱించియో, పోయిన కాఠిన్యమును క్షారత్వమును కొంతమేరకు తిరిగి కల్పించిన పిమ్మటనే పంపిణీ చేయుట పరిపాటి. జడమైన గొట్టమునకే యింత జాగ్రత్త యవసరమైనపుడు, సజీవమైన చేపకు అక్కఱలేదని యెట్లనగలము? ఇంటి యంత్రములలో కొన్నింటికి మినరల్ గొట్ట మొకటి తగిలింతురు గాని, అది మన నాలుకకు రుచి నిచ్చుటకే యేర్పడినది. చేప యవసరము దానితో తీఱదు.

మంచినీటి చేప దేహములోని రక్తము చుట్టునున్న నీటికంటె ఉప్పన. అందుచేత అహోరాత్రములు మొప్పలగుండ నీరు లోనికి చొచ్చుచుండును, లవణములు వెలికి జాఱుచుండును. అధికమైన నీటిని మూత్రపిండములు పలుచని మూత్రముగా విసర్జించుచుండగా, మొప్పలలోని ప్రత్యేక కణములు నీటియందలి కొద్దిపాటి సోడియమును, కాల్షియమును, క్లోరైడును ఏఱుకొని దేహములోనికి చేర్చుచుండును. ఏఱుకొనుటకు నీటిలో ఏమియు లేనపుడు ఆ కణములు ఏమి చేయగలవు? పైగా మొప్పలపొర బిగువుగా నుండుటకు కాల్షియమే ఆధారము. అది తఱిగినకొలది లవణములు మఱింతగా జాఱిపోవును. చేప యీదుచున్నట్లే, తినుచున్నట్లే కనబడును గాని దాని శక్తి చాలవఱకు ఈ లోటును పూడ్చుకొనుటకే వ్యయమగుచుండును.

నీటి కాఠిన్యమును రెండు విధముల కొలుతురు. కాల్షియము, మెగ్నీషియముల మొత్తము సామాన్య కాఠిన్యము. వాడుకలో దీనిని జీహెచ్ అందురు. బైకార్బనేటుల నిల్వ కార్బనేటు కాఠిన్యము, ఇది కేహెచ్. ఒక్క డిగ్రీ యనగా లీటరునకు సుమారు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేటునకు సమానము. మొదటిది చేప దేహమునకు ముఖ్యము, రెండవది తొట్టి స్థిరత్వమునకు ముఖ్యము. తొట్టి పెట్టినవారు ఎక్కువగా అశ్రద్ధ చేయునది ఈ రెండవదానినే యని నా యభిప్రాయము.

చేపల మలమునుండి, తినక మిగిలిన మేతనుండి పుట్టిన అమ్మోనియాను ఫిల్టరులోని సూక్ష్మజీవులు నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చుచుండును. ఈ మార్పులో ఆమ్లము జనించును: అమ్మోనియా రూపమున నున్న ఒక్క గ్రాము నత్రజని నైట్రేటగునప్పటికి, 7 గ్రాములకు మించిన కాల్షియం కార్బనేటునకు సమానమైన క్షారత్వము ఖర్చుపడును. బైకార్బనేటు ఉన్నంతకాలము ఆ ఆమ్లమును అదియే హరించును, నీటి ఆమ్లక్షార స్థితిని తెలుపు పీహెచ్ కదలదు. ఆర్ఓ నీటిలో ఆ నిల్వ లేదు గనుక, 7కు సమీపమున నుండిన పీహెచ్ కొన్ని వారములలోనే 5 వైపు దిగజాఱవచ్చును. అంతట సూక్ష్మజీవుల పని మందగించి అమ్మోనియా పేరుకొనును. ఐనను ఆమ్లజలమున అది అమ్మోనియమను అంతగా విషముకాని రూపమున నుండుటచేత చేప బ్రదికియే యుండును. ఆపద వచ్చుట యజమానికి మేలు చేయవలెనను బుద్ధి పుట్టిన దినమున. నీరు మార్చవలెనని తలచి ఆయన 8 పీహెచ్ గల బోరునీటిని బకెట్లతో కుమ్మరించును. పీహెచ్ ఒక్క అంకె పెరిగినపుడెల్ల విషరూపమైన అమ్మోనియా పాలు సుమారు పదిరెట్లగును. తొట్టినీరు 30 డిగ్రీలు దాటు చెన్నై వేసవిలో ఆ పాలు ఇంకను హెచ్చు. తెల్లవాఱునప్పటికి చేపలు వెల్లకిల పడియుండును, నింద బోరునీటిమీద పడును. నిజమైన కారణము అంతకు కొన్నివారములకు ముందు పోసిన లవణరహిత జలము.

ఇక టీడీఎస్ మీటరును గూర్చి ఒక్కమాట. చౌకగా దొరకు ఈ పరికరము నీటి విద్యుద్వాహకత్వమును కొలిచి, కరగిన పదార్థము ఎంతయో అంచనా చెప్పును; ఏ పదార్థమో చెప్పజాలదు. మీంజూరు పరిసరములలో భూగర్భములోనికి సముద్రజలము చొరబడియున్న సంగతి విదితమే. అట్టి తీరప్రాంతపు బోరునీటిలో 800 అని చూపినది చాలవఱకు ఉప్పు కావచ్చును. లోతట్టు బోరులో అదే 800 కాల్షియం బైకార్బనేటు కావచ్చును. ఈ రెండు జలములు చేపకు ఒక్కటి కావు. కావున చుక్కల పరీక్ష తప్పదు. చిన్న గాజునాళికలో 5 మిల్లీలీటర్ల నీటిని తీసికొని కేహెచ్ ద్రావకమును చుక్కచుక్కగా వేయుచు, ప్రతిచుక్కకును మూతబెట్టి కదలింపవలెను. నీలిరంగు పసుపుగా మాఱునప్పటికి ఎన్ని చుక్కలు పడినవో కేహెచ్ అన్ని డిగ్రీలు. ఆర్ఓ నీరు మొదటిచుక్కకే పసుపుబాఱును.

పోయిన లవణములను తిరిగి చేర్చుట కష్టమైన పని కాదు. 100 లీటర్ల ఆర్ఓ నీటిలో 9 గ్రాముల వంటసోడా కరగించినచో కేహెచ్ సుమారు 3 డిగ్రీలగును. అదే నీటికి 9 గ్రాముల శుద్ధమైన జిప్సమును, 4.5 గ్రాముల ఎప్సం సాల్టును చేర్చినచో జీహెచ్ సుమారు 4 డిగ్రీలగును. పలుజాతులు కలిసియుండు సాధారణపు తొట్టికి ఇది చాలును. జిప్సము మెల్లగా కరగును గనుక, ఈ నీటిని వేఱొక డ్రమ్ములో, గాలిపంపు నడచుచుండగా రాత్రియంతయు నుంచి, పరీక్షించిన పిమ్మటనే తొట్టిలో పోయవలెను. పొడులను నేరుగా తొట్టిలో చల్లరాదు. గోడలకు పూయు ప్లాస్టరు గాని, కేకులలో వాడు బేకింగ్ పౌడరు గాని పనికిరాదు. కల్లుప్పు ఎంత వేసినను కాఠిన్యము పెరుగదు.

ఇంతకంటె సులభోపాయము మిశ్రణము. కాల్షియము మెండుగా నున్న మంచి బోరునీరు 900 టీడీఎస్ చూపినదనుకొందము. అది ఒకపాలు, 20 టీడీఎస్ గల ఆర్ఓ నీరు మూడుపాళ్ళు కలిపినచో 240 అగును, కాఠిన్యమును క్షారత్వమును బోరునీటితోపాటే వచ్చును. బోరునీటికి మాఱుగా మెట్రో నీటిని కలుపువారు అందలి క్లోరినును హైపో యను సోడియం థయోసల్ఫేటుతో ముందుగా పోగొట్టవలెను. చెన్నైలోని పెక్కు గృహములకు ఈ పద్ధతియే మేలైనదని నేను నమ్ముదును. ఆర్ఓ యంత్రము ఒక్క లీటరు మంచినీటికై అంతకు రెండుమూడింతలు వృథాగా పాఱబోయు నూరిలో, దాని నీటిని పొదుపుగా వాడుట ధర్మము కూడ.

అసలు అన్ని చేపలకును ఆర్ఓ నీరు కావలసినదే లేదు. మోలీలు, గప్పీలు, ప్లాటీలు కఠినజలమును కోరును. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడులకు పీహెచ్ 8 ప్రాంతమున నుండవలెను. అమెజాను పరీవాహమునుండి వచ్చిన నియాన్ టెట్రా, డిస్కస్ వంటివానికి మృదుజలము హితమైనను, తొట్టెలలో తరతరములుగా పెరిగినవి 3 డిగ్రీల కేహెచ్‌లో సుఖముగానే యుండును. వీనికొఱకు కొందఱు వీధిలోని నాటుబాదము ఎండుటాకులను నీట వేయుదురు. అది మంచి యలవాటే; కాని కేహెచ్ అధికముగా నున్న నీటిలో ఆకు రంగునే యిచ్చును, పీహెచ్‌ను దింపజాలదు. సీసాలలో అమ్ము ఆమ్లములతో పీహెచ్‌ను బలాత్కారముగా దింపుట మాత్రము ఎవ్వరును చేయరాదు. బైకార్బనేటు నిల్వతో ఆమ్లము పెనగులాడినంతసేపు పీహెచ్ నేడు దిగి ఱేపు ఎక్కుచుండును. చేప ఒక స్థిరమైన పీహెచ్‌కు, అది కొంచెము సరిపడనిదే యైనను, అలవాటుపడగలదు గాని ఈ ఊగులాటకు తాళలేదు.

కొళత్తూరులో గాని మఱియెక్కడ గాని చేపను కొనబోవువారు ధర నడుగుటకు ముందు, అది ఏ నీటిలో పెరుగుచున్నదో దుకాణదారు నడుగుడు. బోరునీటిలోనే పెరుగుచున్నదని చెప్పినచో ఆర్ఓ జోలికి పోవనక్కఱలేదు. ఆ తొట్టినీటిని ఒక చిన్న సీసాలో పట్టుకొనివచ్చి, ఇంట పరీక్షించి, మీ నీటిని దానికి దగ్గఱగా సరిచేసికొని, సన్నని గొట్టముగుండ చుక్కచుక్కగా కలుపుచు ఒక గంటసేపు ఓపికపట్టి చేపను క్రొత్తనీటికి అలవాటు చేయుడు. నీటిమాట అడిగినపుడు జవాబు చెప్పలేని దుకాణమున చేపను కొనకుడు.