చప్పట్లు మనవే, ఆంక్షలూ మనవే

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బడి వార్షికోత్సవమైనా, పెళ్లి బరాత్ అయినా ఆరేళ్ల పిల్ల చేత సినిమా ఐటం పాటకు చిందులు వేయించి చప్పట్లు కొడుతున్నాం. అదే పిల్లకు పన్నెండేళ్లు రాగానే "ఆడపిల్లవు, గడప దాటకు" అంటున్నాం. లోకానికి జడిసి పద్దెనిమిది నిండకుండానే పెళ్లి తలపెడుతున్నాం. అది 2006 చట్టం కింద నేరం. తమ్ముడికి మాత్రం ఏ కట్టడీ లేదు.

టీవీ డాన్సు పోటీల్లో పిల్లల చేత వయసుకు తగని అభినయం చేయించవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ చానళ్లకు సూచించింది. మరి ఊరి స్టేజీకి, ఇంట్లోని సెల్‌ఫోనుకు చెప్పేదెవరు? మనమే.

ఆటపాటలు మాన్పించనక్కరలేదు. బతుకమ్మ, కోలాటం ఉండనే ఉన్నాయి. బిడ్డకు సైకిలు నేర్పండి, కొడుకు చేతికి చీపురు ఇవ్వండి. ఆడపిల్లను గౌరవంగా చూడడం వాడు నేర్వవలసింది ఇంట్లోనే.