మీకు తెలుసా? వైరే కదా అనుకోకండి!

మీ ఫోను ఛార్జింగ్ వైరు కొసన ఉన్న ఆ చిట్టి టైప్-సి మూతి చూశారా? చిటికెన వేలి గోరంత ఉంటుంది. అందులో ఎన్ని పిన్నులకు చోటుందో ఊహించండి. ఐదా? పదా? కాదు, 24! పై వరుసలో సగం, కింది వరుసలో సగం. అందుకే చీకట్లో ఎటు తిప్పి గుచ్చినా టక్కున దూరిపోతుంది!

ఇప్పుడు అసలు రహస్యం! మీ సొరుగులో చిక్కుపడి ఉన్న వైర్లలోంచి రెండు టైప్-సి వైర్లు లాగండి. పక్కపక్కన పెట్టండి. అచ్చం కవలలే! కానీ ఫొటోలు, వీడియోలు పంపే వేగంలో ఒకటి రెండోదానికంటే 80 రెట్లు చురుకైనది కావచ్చు! మొహం చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. డబ్బా మీద రాసింది చదవాల్సిందే!

వైరుకు బుర్ర ఉంటుందా? ఉంటుంది! రెండు వైపులా టైప్-సి ఉన్న వైరు 60 వాట్లు దాటి మోయాలంటే, దాని లోపల ఓ బుల్లి చిప్ ఉండి తీరాలి. ఛార్జర్ ముందుగా ఆ చిప్‌నే పలకరిస్తుంది. ‘ఎంత మోయగలవు?’ అని అడుగుతుంది. జవాబు రాలేదా? అంతే, 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది! ఖరీదైన లాప్‌టాప్ ఛార్జర్ కొని, ఫోనుతో వచ్చిన వైరు తగిలించి, ‘ఇదేంటి, నత్తలా ఎక్కుతోంది’ అని తిట్టుకునేది ఇందుకే. పాపం, ఛార్జర్ తప్పేం లేదు!

నాసి వైరు లాప్‌టాప్‌ను చంపేయగలదా? చంపేసింది! అది 2016. గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్‌కు ఓ పట్టుదల ఉండేది. ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సి వైర్లు కొనడం, ఒక్కొక్కటే పరీక్షించడం, మంచిదో చెడ్డదో జనానికి చెప్పడం! ఒకరోజు ఓ చవక వైరు తగిలించారు. క్షణాల్లో ఆయన లాప్‌టాప్ పని ఖతం! వైరును పరీక్షించే పరికరాలు కూడా పోయాయి! కోసి చూస్తే ఏముంది? కరెంటు తెచ్చే తీగ ఉండాల్సిన చోట కరెంటు తిరిగి వెళ్లే తీగ! రెండూ తారుమారు! పైకి మాత్రం నిగనిగలాడే కొత్త వైరే.

వైరు ఒంటి మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఏడబ్ల్యూజీ అని, పక్కన ఓ అంకె కనిపిస్తే ఆగి చదవండి. ఇక్కడ లెక్క తలకిందులు! అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 అని ఉంటే బక్కది. అంతకంటే తక్కువ ఉంటే దిట్టమైనది! పొడవాటి బక్క వైరంటే పొలానికి నీళ్లు పెట్టే మట్టికాలువే. దారి పొడుగునా ఇంకిపోగా మిగిలిందే మీ ఫోనుకు!

‘పెద్ద ఛార్జర్ పెడితే చిన్న ఫోను పేలిపోతుంది!’ ఈ మాట వినని ఇల్లుందా? భయం వద్దు! సరైన టైప్-సి ఛార్జర్ ఎంత బాహుబలి అయినా మొదట ఇచ్చేది 5 వోల్టులే. ఫోను నోరు తెరిచి అడిగితేనే పెంచుతుంది. పెళ్లి వంటలో గుండిగ ఎంత పెద్దదైతేనేం? విస్తట్లో వడ్డించేది మీరు అడిగినంతే కదా!

అరచేతిలో ఇమిడిపోయే కొత్తరకం గ్యాన్ ఛార్జర్‌కూ, మీ హాల్లో వెలుగుతున్న ఎల్ఈడీ బల్బుకూ చుట్టరికం ఉంది! రెండింటి గుండెలోనూ ఉన్నది ఒకే పదార్థం, గాలియం నైట్రైడ్! దానితో నీలి వెలుగు పుట్టించినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. అది వెలుగూ ఇస్తుంది, ఛార్జరును చిన్నదిగానూ చేస్తుంది!

కోఠీ ఫుట్‌పాత్ మీద బేరమాడి ఛార్జర్ కొంటున్నారా? ముందు దాని వీపు చూడండి! భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు కింద ‘ఆర్’ అక్షరం, దాని వెనకాల 8 అంకెలు ఉండాలి. అవి ఉత్త అలంకారం కాదు! బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. తయారీదారు ఎవరో అక్కడే బయటపడుతుంది!

ఫోను తీసేశాక ఛార్జర్ గోడకే వేలాడుతోందని ఇంట్లో చీవాట్లా? ఐరోపా నిబంధనలకు తగ్గ మామూలు ఫోను ఛార్జర్ అలా ఖాళీగా ఏడాదంతా వేలాడినా తాగే కరెంటు 1 యూనిట్ కూడా ఉండదు! ఈ సంగతి అమ్మకు చెప్పి చూడండి. ‘అయినా సరే, స్విచ్ ఆపు’ అంటుంది. ఊరూపేరూ లేని ఛార్జరైతే అమ్మ మాటే రైటు!

యూఎస్‌బీ రూపకర్తల్లో ఒకాయన మనవాడే! గుజరాత్‌లోని వడోదరలో పుట్టిన అజయ్ భట్. పాత వెడల్పాటి ప్లగ్గును ఎటైనా దూరేలా ఎందుకు చేయలేదయ్యా అంటే, ఖర్చు 2 రెట్లయ్యేదని ఆయనే చెప్పారు. అదండీ, మనం ఇన్నేళ్లు తిప్పి తిప్పి గుచ్చడం వెనుక కథ!

చివరగా ఇంకొకటి! టైప్-సి మూతిని 10,000 సార్లు గుచ్చి తీసినా తట్టుకునేలా రూపొందించారు. రోజుకు మూడుసార్లు చొప్పున తొమ్మిదేళ్లు! మరి మీ వైరు మూడు నెలలకే ఎందుకు పోయింది? ఎక్కడ తెగిందో చూడండి. మూతి దగ్గర కాదు, మెడ దగ్గర! రాత్రి పడుకుని, ఛార్జింగ్‌లో ఉన్న ఫోనును పొట్ట మీద నిలబెట్టి రీల్స్ చూసింది ఎవరు మరి?