గాలికి త్రోవ, కంటికి రక్ష

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలు ప్రత్తికిని మిరపకును పేరుగన్నవి. తొలకరి వానలు పడిన పిమ్మట రైతులు ప్రత్తిగింజలు నాటుదురు. శ్రావణ భాద్రపదములలో మిరపనారు ఎత్తి పొలములో పాతుదురు. పుష్యమాసము నాటికి మిరపచేలు ఎఱ్ఱని పండ్లతో నిండును. ఆ పండ్లు కళ్ళములలో ఎండి, బస్తాల కెక్కి, గుంటూరు మిర్చి యార్డునకు చేరును. ఈ పంటల వలననే ఇక్కడి పల్లెలలో పెండ్లిండ్లు జరుగుచున్నవి, పిల్లల చదువులు సాగుచున్నవి.

అయితే ఈ రెండు పంటలకును పురుగుల బెడద మిక్కుటము. 1987-88 లో తెల్లదోమ విజృంభించి ప్రత్తిచేలను పాడుచేయగా పెక్కు కుటుంబములు అప్పులలో మునిగినవి. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరపపూతను పట్టి పైరును నాశనము చేసినది. ఇట్టి సమయములలో రైతులు పలుమారులు మందు కొట్టక తప్పదు. వీపున డబ్బా తగిలించుకొని, చేత గొట్టము పట్టుకొని, సాలు వెంబడి నడచు మనుష్యుని చుట్టును విషపు తుంపర మేఘమువలె లేచుచుండును. అందు కొంత ఆకులపై పడును. కొంత గాలిలో తేలి అతని ముఖముపైకే వచ్చును.

శరీరములో కన్ను మిక్కిలి సుకుమారమైన అవయవము. చర్మమువలె దానికి దళసరి పొర లేదు. కంటిలో పడిన మందు కన్నును మండించుటయే కాక, పలుచని పొరల గుండ త్వరగా రక్తములోనికి ఇంకిపోగలదు. ఈ అపాయము నెఱిగియే మన ప్రభుత్వము 1968 లో క్రిమిసంహారక మందుల చట్టమును, 1971 లో దానికి సంబంధించిన నియమములను ఏర్పరచినది. మందులతో పని చేయువారికి పై దుస్తులు, రబ్బరు తొడుగులు, బూట్లు, వీనితోపాటు ధూళి చొరని కంటిజోడు ఉండవలెనని ఆ నియమములు చెప్పుచున్నవి. గాగుల్సు అని జనులు వాడుకగా పిలుచునది ఈ రక్షక కంటిజోడునే.

ఇంత ప్రయోజనకరమైన వస్తువు పొలములో తరచుగా నుదుటిమీదనే కనబడుచుండును. దీనికి కారణము నిర్లక్ష్యము మాత్రమే కాదు. కంటిజోడు పెట్టుకొని నాలుగు సాళ్ళు నడచునంతలో అద్దమునకు లోపలివైపు ఆవిరి పట్టును. ఎదుటి మొక్క కానరాదు. కాలి క్రింది గట్టు కానరాదు. విసిగిన మనుష్యుడు మందు తడిసిన చేతితోనే దానిని పైకి నెట్టును. ఆ క్షణమున కంటికి రక్షణ తొలగుటయే గాక, చేతి విషము కంటిదరికి చేరును. కాబట్టి అద్దమునకు ఆవిరి పట్టకుండ చేయుట సుఖము కొరకు మాత్రమే కాదు, అది రక్షణలో ముఖ్యభాగము.

ఆవిరి ఎట్లు పట్టునో తెలిసికొనిన, దానిని ఆపు ఉపాయము తనంతట తోచును. అన్నము ఉడుకుచున్న గిన్నెపై మూత తీసి చూచినచో మూత లోపల నీటిబిందువులు కనబడును. చల్లని నీరు పోసిన కంచుచెంబునకు వెలుపల చెమ్మ పట్టుట కూడ అందరు నెఱిగినదే. రెండింటికిని కారణ మొక్కటియే. గాలిలో ఎల్లపుడును కొంత నీటియావిరి ఉండును. వేడిగాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు; చల్లగాలి అంతగా మోయలేదు. 35 డిగ్రీల వేడిమిగల ఒక ఘనమీటరు గాలి సుమారు 40 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకొనగలదు. 30 డిగ్రీలకు దిగినచో 30 గ్రాములను, 20 డిగ్రీలకు దిగినచో 17 గ్రాములను మాత్రమే ఇముడ్చుకొనును. మిగిలిన ఆవిరి నీరుగా మారి, దగ్గరనున్న చల్లని వస్తువుపై చేరును. అట్లు నీరుగా మారనారంభించు వేడిమిని తుషారస్థానమందురు.

గుంటూరు సీమ ఎండలకు పేరుపడినది గదా, ఇక్కడ అద్దము చల్లబడుట యెట్లని సందేహము కలుగవచ్చును. అద్దము మంచువలె చల్లగా నుండనక్కరలేదు. ముఖము దరినున్న గాలి తుషారస్థానముకంటె కొంచెము తక్కువ వేడిమి ఉన్న చాలును. మనుష్యుని చర్మము సుమారు 34, 35 డిగ్రీల వేడిమి గలిగియుండును. మందు డబ్బా మోయుచు బురదలో నడచువానికి చెమట ధారలుగా కారును. ఆ చెమట ఆవిరియై, కంటిజోడులోని చారెడు గాలిని కొలది నిమిషములలో నింపివేయును. వానకాలమున వెలుపలి గాలి 28 డిగ్రీలున్న దినమున అద్దము కూడ అంతకు దగ్గరగా నుండును. లోపలి ఆవిరి దానిని తాకి నీరగును. మాఘమాసపు ఉదయమున అద్దము మరింత చల్లగా నుండును గనుక ఆవిరి మరింత త్వరగా పట్టును. ఆ బిందువులు విడివిడిగా కంటికి కానరానంత చిన్నవి. అవి వెలుగును నలుదిక్కులకు చెదరగొట్టుటచేత చూపునకు తెల్లని తెర కట్టినట్లగును.

ఈ చిక్కు మన పొలములకే పరిమితము కాదు. కాళ్ళకు పొడవైన పలకలు కట్టుకొని మంచుకొండలపై జారు క్రీడ యొకటి కలదు. దానిని స్కీయింగు అందురు. ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములందును, మన కాశ్మీరములోని గుల్మార్గునందును ఆ క్రీడ జరుగును. అక్కడ గాలి అతిశీతలము, ఆటగాని ముఖము వెచ్చన. అందుచేత వారి కంటిజోళ్ళు మసకబారి ప్రమాదములు కలుగుచుండెడివి. అమెరికాలో బాబ్ స్మిత్ అను దంతవైద్యుడు దీనికి ఉపాయము వెదకి, 1965 లో రెండు అద్దముల కంటిజోడును వెలువరించెను. రెండు అద్దముల నడుమ బంధింపబడిన గాలి వేడిని వెలుపలికి పోనీయదు; కాబట్టి లోపలి అద్దము చల్లబడదు. అంచులందు అతడు గాలి ఆడునట్టి మెత్తని నురుగుపట్టీని అమర్చెను.

ఆ మరుసటి సంవత్సరమే ఇదే చిక్కు అంతరిక్షములో ఎదురైనది. 1966 జూన్ 5 న యూజీన్ సెర్నన్ అను అమెరికా వ్యోమగామి జెమిని 9 నౌకనుండి వెలుపలికి వచ్చి రెండు గంటలకు పైగా పని చేసెను. ఆ శ్రమకు పట్టిన చెమట అతని శిరస్త్రాణపు అద్దముపై ఆవిరిగా పేరుకొని, చూపు కానరాకుండ చేసెను. తలపెట్టిన పరీక్షను మధ్యలోనే మానుకొని అతడు లోపలికి రావలసి వచ్చెను. శూన్యములో శిరస్త్రాణమునకు రంధ్రము పెట్ట వీలుకాదు గదా! అందువలన తరువాతి యాత్రలలో అద్దమునకు ముందుగానే ఆవిరి నిలువనీయని పూత పూసిరి.

పొలములోని మనుష్యునకు అట్టి నిర్బంధము లేదు. అతని చుట్టును గాలి ఉన్నది. ఆ గాలిని కంటిజోడులోనికి రప్పించి, లోపలి చెమ్మగాలిని వెలుపలికి పంపుటయే ప్రధానోపాయము. వంటయింటి పొగ పోవుటకు పైకప్పున పొగగూడు పెట్టుదురు. క్రింది తలుపునుండి క్రొత్తగాలి వచ్చిననే పొగ పైకి సాగును. కంటిజోడుకును అట్లే క్రిందను పైనను రంధ్రములు ఉండవలెను. వెచ్చని చెమ్మగాలి తేలికయై పైరంధ్రముల గుండ పోవును. క్రింది రంధ్రముల గుండ పొడిగాలి వచ్చును. కొండవాలున వేగముగా జారువాని కంటిజోడులోనికి గాలి తనంత దూరును. అతడు నిలిచిన వెంటనే అద్దము మసకబారును. సాలులో మెల్లగా నడచు మనవాడు ఆ నిలిచిన ఆటగాని వంటివాడే. కాబట్టి అతని కంటిజోడుకు గాలిదారులు మరింత ధారాళముగా నుండుట అవసరము.

ఇచ్చట నొక మెలకువ కలదు. గాలి వచ్చు రంధ్రముగుండ మందు తుంపర కూడ రాదా యన్న ప్రశ్న న్యాయమైనదే. చెక్కపనివారు, రాళ్ళు కొట్టువారు వాడు కొన్ని కంటిజోళ్ళకు ప్రక్కల తిన్నని రంధ్రములుండును. అవి ఎగిరివచ్చు పెళ్ళలను ఆపును గాని ద్రవమును ఆపవు. మందు కొట్టుటకు పనికిరావు. దీనికి వంకరత్రోవ రంధ్రములు గల కంటిజోడు కావలెను. దానియందు రంధ్రములపై చిన్న మూతలుండి, గాలి లోపల ఒకటి రెండు మలుపులు తిరిగి పోవును.

ఈ మలుపుల మహిమ కళ్ళములో తూర్పారబట్టుటను చూచినవారికి సులభముగా బోధపడును. రైతు చేటనెత్తి ధాన్యమును గాలికి పోయునపుడు తేలికయైన పొట్టు గాలివెంట ప్రక్కకు మరలును. బరువైన గింజ తన దారి విడువక క్రిందపడును. అట్లే తేలికయైన గాలి వంకరత్రోవలో మలుపు తిరిగి లోపలికి పోవును. తుంపరబొట్టు గాలికంటె బరువగుటచే మలుపు తిరుగలేక గోడకు తగిలి అక్కడనే నిలుచును. ఒక్క త్రోవయే గాలికి ద్వారము, తుంపరకు అడ్డుగోడ. అయితే విషవాయువులు గాలితోపాటు మలుపు తిరుగగలవు. అట్టి మందులకు రంధ్రములు లేని కంటిజోడు కావలసియుండును. కావున డబ్బాపై అచ్చొత్తిన సూచనలను ముందుగా చదువుట విధి. ఆ చీటిపై ఎఱ్ఱ త్రికోణమున్న మందు అతివిషపూరితము. పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు క్రమముగా తగ్గు విషమునకు గుర్తులు.

మంచి కంటిజోడు కొన్నను దానిని పెట్టుకొను తీరు తెలియనిచో ప్రయోజనము లేదు. ఎండకని తలకు చుట్టిన తువాలు పైరంధ్రములను కప్పరాదు. ముక్కునకు కట్టిన గుడ్డ వదులుగా నున్న, విడిచిన ఊపిరి పైకి ఎగదన్ని అద్దమును చేరును. 2020 లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు మూతిగుడ్డ కట్టుకొన్న కండ్లజోడువారందరికిని ఇది అనుభవమైనది. ముక్కుదూలముపై బిగువుగా కూర్చుండు మాస్కు వాడిన ఆ ఊపిరి క్రిందికి పోవును. నుదుటిపై చెమటను పీల్చుటకు పొడి నూలుపట్టీ కట్టుకొనిన మరియు మేలు.

అద్దమునకు పూత లేనిచో, పనికి ముందు లోపలివైపున ఒక్క చుక్క సబ్బునీరు పలుచగా రుద్ది, మెత్తని గుడ్డతో అద్దవచ్చును. సబ్బు నీటిబొట్టును ముద్దకట్టనీయక పలుచని పొరగా పరపును. ఆ పొరగుండ వెలుగు చెదరక వచ్చును. తయారుచేసినవారే పూత పూసిన అద్దమును మాత్రము గట్టిగా తుడువరాదు, పూత గీచుకొనిపోవును. రంధ్రములలో చేరిన దుమ్మును పని ముగిసిన పిమ్మట నీటితో కడిగి, నీడలో ఆరబెట్టవలెను.

ఇంత చేసినను అద్దము మసకబారినచో తొందరపడరాదు. మొదట గొట్టము కట్టివేసి, తుంపర లేనిచోటికి, గాలి వచ్చు దిక్కునకు నడువవలెను. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. తరువాతనే కంటిజోడు తీసి, శుభ్రమైన పొడిగుడ్డతో లోపలి చెమ్మను అద్ది, ముఖము ఆరిన పిమ్మట తిరిగి ధరింపవలెను. మందు కంటిలో పడినచో కనీసము 15 నిమిషములు మంచినీటితో కడుగుచు వైద్యుని కడకు పోవలెను.

మరియొక హెచ్చరిక ప్రాణముతో ముడివడినది. కొన్ని మందులు దేహములో చేరి కంటిపాపను కుంచింపజేసి చూపును మసకబరచును. కంటిజోడు తీసిన తరువాతను చూపు తేటపడక, తలనొప్పియు వాంతియు నోట చొంగయు కలిగినచో అది అద్దపు మసక కాదు. విషము సోకినదని గ్రహింపవలెను. వెంటనే పని మాన్పించి, మందు చీటితోసహా ఆసుపత్రికి చేర్చవలెను.

గుంటూరు పరిసరములందలి శీతల గిడ్డంగులలో ఈ ఆవిరియే మరొక రూపమున కానవచ్చును. మిరపబస్తాలు మోయు హమాలి చల్లని గదినుండి చైత్రమాసపు ఎండలోనికి వచ్చిన వెంటనే అతని కండ్లజోడు తెల్లబడును. ఇది లోపలి చెమట కాదు. వెలుపలి వేడిగాలిలోని ఆవిరి చల్లని అద్దముపై నీరగుట. దీనికి రంధ్రములు పనిచేయవు. అద్దము వెచ్చబడువరకు ఒకటి రెండు నిమిషములు బస్తా నెత్తక నిలుచుటయే దీనికి మందు.

గాలిదారి విలువను బడిలోనే పరీక్షించి చూడవచ్చును. తేటయైన రెండు ప్లాస్టికు సీసాల అడుగులు పెద్దలచే కోయించి, గోరువెచ్చని నీట తడిపిన గుడ్డపై నిలుపవలెను. ఒకదాని మూత బిగించి, రెండవదానికి మూత తీసి అడుగు అంచున చిన్న గండి పెట్టవలెను. మూత బిగించినది దట్టముగా మసకబారును. గాలి ఆడునది తేటగా నుండును, లేదా ముందుగా తేటపడును.

మందు కొట్టు పని పిల్లలది కాదు. వారు ఆ పొలము దరికి పోరాదు. కాని చీటి చదువగల బాలుడును బాలికయు తమ ఇంటి పెద్దలకు గొప్ప సాయము చేయగలరు. కంటిజోడు కొను దినమున దాని రంధ్రములు తిన్ననివా వంకరవా యని చూచి చెప్పవచ్చును. తువాలు రంధ్రములను కప్పుచున్నదేమో గమనించి, తండ్రి పొలమునకు బయలుదేరకముందే సరిచేయవచ్చును. చూపు తేటగా నున్నచో కంటిజోడు కంటిమీదనే నిలుచును. కంటిమీద నిలిచిననే అది కన్నును కాపాడును.