ఒకే ఓటరు, రెండు జనాభా లెక్కలు

బోగోలు మండలంలో ఓటు ఉన్నవారు అసెంబ్లీకి కావలి ఎమ్మెల్యేని, పార్లమెంటుకు నెల్లూరు ఎంపీని ఎన్నుకుంటారు. ఇది ఊళ్లో చిన్నపిల్లలకైనా తెలుసు. కానీ బోగోలు కావలిలోనే ఎందుకుంది? రాష్ట్రానికి 175 సీట్లే ఎందుకు? అని అడిగితే, అదంతా నాయకులు చూసుకుంటారులే అనేవాళ్లే ఎక్కువ. నిజానికి దీనికి జవాబు రాజ్యాంగంలో ఉంది. కాస్త ఓపిక పడితే ఎవరికైనా అర్థమయ్యే జవాబే.

లోక్‌సభ సీట్లను రాష్ట్రాలకు ఎలా పంచాలో 81వ అధికరణం చెబుతుంది. అసెంబ్లీ సీట్ల సంగతి 170వ అధికరణం చూస్తుంది. రెండింటి సూత్రమూ ఒకటే: సాధ్యమైనంత వరకు ప్రతి సీటు వెనకా ఉన్న జనాభా సమానంగా ఉండాలి. జనగణన జరిగిన ప్రతిసారీ లెక్క సరిచూసుకోవాలి. దీన్నే డీలిమిటేషన్, అంటే నియోజకవర్గాల పునర్విభజన అంటున్నాం.

1976లో 42వ సవరణ ఈ సర్దుబాటును ఆపేసింది. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించిన రాష్ట్రాలకు ఆ కారణంగానే సీట్లు తగ్గిపోతే అన్యాయం కదా అన్న ఆందోళన దీని వెనక ఉంది. అందుకే సీట్ల సంఖ్యను 1971 లెక్కల దగ్గరే నిలిపారు. 2001లో చేసిన 84వ సవరణ ఈ నిలుపుదలను 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేదాకా పొడిగించింది. 2003లో 87వ సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. సీట్ల సంఖ్య మారకూడదు గానీ, రాష్ట్రం లోపలి సరిహద్దులను 2001 లెక్కల ప్రకారం తిరిగి గీయవచ్చు.

అంటే బోగోలు ఓటరును రాజ్యాంగం రెండుసార్లు, రెండు వేర్వేరు లెక్కల్లో చూస్తోంది. రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 మాట. ఆ సీట్ల హద్దులు ఎక్కడన్నది 2001 మాట.

నెల్లూరుకు తగ్గిన సీటు

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన డీలిమిటేషన్ కమిషన్ గీసిన హద్దులు 2008లో అమల్లోకి వచ్చాయి. ఆ లెక్కను నెల్లూరు మీదే వేసి చూద్దాం. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 7.62 కోట్లు, సీట్లు 294. భాగిస్తే ఒక్కో సీటుకు సగటున 2.59 లక్షల మంది. అప్పటి నెల్లూరు జిల్లా జనాభా సుమారు 26.7 లక్షలు. దాన్ని 2.59 లక్షలతో భాగిస్తే పది పైచిలుకు వస్తుంది. అంతకు ముందు జిల్లాకు 11 సీట్లు ఉండేవి, కొత్త లెక్కలో 10 అయ్యాయి.

అల్లూరు, రాపూరు నియోజకవర్గాలు పేరుతో సహా పోయాయి. నెల్లూరు సిటీ, రూరల్‌గా రెండయింది. కావలి నియోజకవర్గంలోకి కావలి, బోగోలు, అల్లూరు, దగదర్తి మండలాలు చేరాయి. నెల్లూరులో జనం తగ్గిందేమీ లేదు. రాష్ట్రం మొత్తానికి సీట్ల సంఖ్య కదలకుండా ఉంది కాబట్టి, జనం ఎక్కువగా పెరిగిన చోటికి సీటు చేరాలంటే ఇంకోచోట తగ్గక తప్పదు.

2022లో జిల్లాలను విడదీసినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. నియోజకవర్గాల హద్దులు మాత్రం చెక్కుచెదరలేదు. జిల్లా హద్దును రాష్ట్ర ప్రభుత్వం మార్చగలదు. నియోజకవర్గం హద్దు దాని చేతిలో లేదు.

రాష్ట్రపతి ఎన్నికలో 1971

నిలిచిపోయిన ఆ లెక్క రాష్ట్రపతి ఎన్నికలో స్పష్టంగా కనిపిస్తుంది. 55వ అధికరణం ప్రకారం రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ తేలుతుంది. 1971లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభా 2,78,00,586. దాన్ని 175తో, ఆపై వెయ్యితో భాగిస్తే 158.86. శేషం ఐదువందలు లేదా అంతకు మించితే ఒకటి కలుపుకోవాలి కాబట్టి 159. 2022 రాష్ట్రపతి ఎన్నికలో కావలి ఎమ్మెల్యే ఓటు విలువ అంతే. తెలంగాణ ఎమ్మెల్యేది 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 1971 తర్వాత పుట్టిన మనలో ఏ ఒక్కరూ ఆ 159లో లేరు.

225 సీట్ల మాట

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌లో సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణలో 119 నుంచి 153కి పెరుగుతాయని చెప్పింది. అయితే ఆ సెక్షన్ '170వ అధికరణంలోని నిబంధనలకు లోబడి' అన్న షరతుతో ఉంది. ఇంతలో జమ్మూకశ్మీర్‌లో పునర్విభజన జరిగి 2022లో సీట్లు 83 నుంచి 90కి పెరిగాయి. వాళ్లకు కుదిరింది మనకెందుకు కుదరదంటూ ప్రొఫెసర్ కె. పురుషోత్తమరెడ్డి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

2025 జులై 25న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ కోటీశ్వర్ సింగ్‌ల ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టేసింది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం, రాష్ట్రాల శాసనసభలకు వర్తించే 170వ అధికరణం దానికి వర్తించదు. మనవి రాష్ట్రాలు. 2026 తర్వాతి మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా ఆ అధికరణం అడ్డుగా నిలుస్తుంది. మామూలు చట్టంలో రాసుకున్న హామీ రాజ్యాంగాన్ని దాటిపోలేదు.

నా దృష్టిలో ఈ తీర్పు న్యాయమైనదే. రాజ్యాంగం విధించిన గడువును ఒక్క రాష్ట్రం కోసం సడలిస్తే రేపు ప్రతి రాష్ట్రమూ అదే అడుగుతుంది. అలాగని ఈ నిలుపుదలకు మూల్యం లేదని కాదు. 2001 తర్వాత పల్లెల నుంచి పట్టణాలకు ఎంతమంది తరలిపోయారో మన కళ్లెదుటే ఉంది. హద్దులు పాతబడేకొద్దీ ఒకచోటి ఓటు బరువు, ఇంకోచోటి ఓటు తేలిక అవుతాయి. రాష్ట్రాల మధ్య న్యాయం, ఓటర్ల మధ్య సమానత్వం రెండూ కావలసినవే. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని మరిచిపోకూడదు.

కొత్త కమిషన్ వచ్చినప్పుడు మామూలు ఓటరు చేయగలిగింది చాలా ఉంది. కమిషన్ ముందుగా తన ప్రతిపాదనలను గెజిట్‌లో ప్రకటిస్తుంది, అభ్యంతరాలకు గడువిస్తుంది, బహిరంగ విచారణలు జరుపుతుంది. భౌగోళిక పరిస్థితులు, పాలనా హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలని 2002 డీలిమిటేషన్ చట్టమే చెబుతోంది. జువ్వలదిన్నె మత్స్యకారులకైనా, బిట్రగుంట వాసులకైనా తమ మండలం ఎటు చేరితే మేలో చెప్పే హక్కు అప్పుడే ఉంటుంది. తుది ఉత్తర్వు వెలువడ్డాక దాన్ని పార్లమెంటుగానీ అసెంబ్లీగానీ సవరించలేవు. 329వ అధికరణం కోర్టుల దారినీ దాదాపు మూసేసింది. ఈ సంగతి 1966లోనే మేఘరాజ్ కొఠారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర్వు స్పష్టంగా ఏకపక్షమై, రాజ్యాంగ విలువలకు విరుద్ధమైతే పరిశీలించవచ్చని 2024లో చెప్పినా, అది ఇరుకు దారే.

కాబట్టి ముసాయిదా వచ్చిన రోజే ఊరి పెద్దలు, యువకులు, మహిళా సంఘాలు మ్యాపు ముందేసుకుని కూర్చోవాలి. జనాభా లెక్క చేతిలో పెట్టుకుని అర్జీ రాయాలి. గడువు ముగియకముందే దాన్ని కమిషన్‌కు చేర్చాలి.