‘కదా’ ఒక్కటే, ఇంగ్లీషు తోకలు అనేకం

గోదావరి తీరాన ఉన్న చెన్నూరులో మన పిల్లలు మూడు భాషల మధ్య పెరుగుతున్నారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ‘హై నా’ గానీ ‘కదా’ గానీ ఏ వాక్యం చివరనైనా ఇమిడిపోతుంది. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో అన్నింటికీ ‘ఇజంట్ ఇట్’ తగిలిస్తున్నాము.

ఇంగ్లీషు నియమం వేరు. వాక్యంలోని సహాయక క్రియే తోకలో తిరిగి రావాలి. వాక్యం అవునంటే తోక కాదనాలి, వాక్యం కాదంటే తోక అవుననాలి. ‘షీ కెన్ రీడ్, కాంట్ షీ?’ ‘హీ ఈజంట్ హోమ్, ఈజ్ హీ?’ సహాయక క్రియ లేనప్పుడు డూ, డజ్, డిడ్‌లలో తగినది చేరుతుంది: ‘దే కేమ్, డిడంట్ దే?’

అసలు చిక్కు జవాబులో ఉంది. రక్తపరీక్షకు ముందు ‘యూ హావంట్ ఈటెన్, హావ్ యూ?’ అని అడిగారనుకుందాం. పరగడుపున వచ్చిన మన బిడ్డ ‘అవును, తినలేదు’ అనే అలవాటుతో ‘యెస్’ అంటాడు. విన్నవారికి అది ‘తిన్నాను’ అన్నట్లే! అక్కడ ‘నో, ఐ హావంట్’ అనాలి. ఇంగ్లీషులో జవాబు అడిగిన తీరును బట్టి కాదు, జరిగినదాన్ని బట్టి ఉంటుంది.

దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు పిల్లలను రోజుకు ఇలాంటి రెండు ప్రశ్నలు అడుగుదాం.