దూర ప్రయాణంలో టైరు గాలి లెక్క

ఇద్దరు మనుషులు, రెండు పక్క సంచులు, ఒక గుడారం. ఇంత సరంజామాతో మోటారు సైకిలు దూర ప్రయాణానికి బయలుదేరినప్పుడు మొత్తం బరువు 350 కిలోలు దాటడం సామాన్యమే. ఆ బరువంతా నేలను తాకేది రెండు చోట్ల మాత్రమే; ఒక్కొక్క చోటు ఇంచుమించు అరచేయంత. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వాన నీటిలో సాగినా మనిషి ప్రాణానికి ఆధారం ఆ రెండు అరచేతుల రబ్బరే. ఆ రబ్బరు నేలను ఎలా తాకవలెనో నిర్ణయించేది లోపలి గాలి. అయినా ఇంజను చప్పుడును గురించి గంటల తరబడి చర్చించే వారు సైతం గాలి దగ్గరకు వచ్చేసరికి, “ముందు ముప్పై, వెనుక నలభై కొట్టు” అని పంక్చరు దుకాణం కుర్రవానికి చెప్పి ఊరుకుంటారు.

గాలి టైరు కొత్త వస్తువేమీ కాదు. రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు పొందాడు. అది మరుగున పడిపోగా, 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల బండి కోసం దానిని మళ్ళీ కనుగొన్నాడు. నాటికీ నేటికీ సూత్రం ఒక్కటే. బరువులో అధిక భాగాన్ని మోసేది రబ్బరు కాదు, అందులో బంధించిన గాలి.

గాలి ఒత్తిడిని మన దేశంలో చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అని కొలుస్తారు. 42 పౌన్లు అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 3 కిలోలు. వెనుక చక్రం మీద 200 కిలోల బరువు ఉంటే, ఆ ఒత్తిడి వద్ద టైరు నేలను తాకే చోటు 70 చదరపు సెంటీమీటర్ల లోపు. అదే బరువుకు 30 పౌన్లే ఉంటే తాకే చోటు 95 దాకా విస్తరిస్తుంది. ఎక్కువగా తాకితే ఎక్కువ పట్టు కదా అని కొందరు సంతోషిస్తారు. అక్కడే పొరపాటు. అంత చోటు తాకడానికి టైరు పక్క గోడలు ప్రతి చుట్టులోనూ లోతుగా వంగి లేవవలసి ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్లే రబ్బరూ వేడెక్కుతుంది. నిమిషానికి వందల సార్లు, గంటల తరబడి ఈ వంపు సాగితే పొరలు ఒకదాని నుండి ఒకటి విడిపోయే ప్రమాదం ఉన్నది. గాలి చాలని టైరు పగిలేది సాధారణంగా వేసవి మధ్యాహ్నం, నిండు బరువుతో, వేగంగా పోతున్నప్పుడే.

మరి ఎంత గాలి ఉండవలెను? టైరు పక్క గోడ మీద అచ్చు వేసిన అంకె దీనికి జవాబు కాదు. ఆ అంకె ఆ టైరు మోయగల గరిష్ఠ భారానికి సంబంధించినది. జవాబు వాహనంతో ఇచ్చిన చిన్న పుస్తకంలోనో, గొలుసు మూత దగ్గర అంటించిన చీటీ మీదనో ఉంటుంది. ఒకే టైరును వేర్వేరు వాహనాలకు బిగించవచ్చు. బరువు వేరైతే గాలి కూడా వేరవుతుంది. పాత బుల్లెట్లకు ముందు చక్రంలో 20, వెనుక చక్రంలో 30 పౌన్ల ప్రాంతంలో సరిపోయేది. హోండా గోల్డ్‌వింగ్ వంటి భారీ వాహనానికి ముందు 36, వెనుక 41 చెప్పారు. చాలా పుస్తకాలలో ఒంటరి ప్రయాణానికి ఒక అంకె, ఇద్దరికి మరొక అంకె ఉంటాయి. వెనుక కూర్చున్న మనిషి బరువు, పక్క సంచుల బరువు ప్రధానంగా వెనుక చక్రం మీదనే పడతాయి గనుక పెంచవలసినది ఎక్కువగా అక్కడే. ఒంటరిగా పోయేవాడు సైతం ఒక మనిషికి సరిపడే సామాను కట్టుకుంటే రెండవ అంకెనే పాటించడం ఉచితం.

ఈ అంకెలన్నీ చల్లని టైరుకు చెప్పినవి. వాహనం కనీసం మూడు గంటలు నీడన నిలిచి ఉండవలెను. అన్నిటికంటె తెల్లవారుజాము మేలు. దీనిని మరచినందువల్ల జరిగే అనర్థానికి ఒక ఉదాహరణ చూడండి. మే నెలలో హైదరాబాదు నుండి 44వ జాతీయ రహదారి మీద నాగపూరు వైపు పోతున్నారనుకుందాము. ఉదయం వెనుక టైరులో 36 పౌన్లు. మధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర కొలిస్తే 41. “అమ్మో, పగులుతుంది” అని వాల్వు నొక్కి 36కు దింపుతారు. మర్నాడు ఉదయం అదే టైరు చల్లబడి 31, 32 చూపుతుంది. నిండు బరువుతో, మండే ఎండలో, చాలని గాలితో రెండవ రోజు ప్రయాణం మొదలవుతుంది. వేడికి పెరిగే గాలిని లెక్కలోకి తీసుకొనే తయారీదారులు ఆ అంకెను నిర్ణయించారు. వేడి టైరులోని గాలిని ఎన్నడూ తీయరాదు.

ఆ పెరుగుదలను ఒక సాక్ష్యంగా వాడుకునే పద్ధతి అనుభవజ్ఞులలో ఉన్నది. గంటసేపు ప్రయాణించిన తరువాత ఒత్తిడి పదింట ఒక వంతు పెరిగితే, అంటే 36 కాస్తా 40కి చేరువైతే, మొదట ఎక్కించిన గాలి సరిపోయినట్లు. అంతకంటె బాగా పెరిగితే టైరు అతిగా వంగుతున్నదనీ, మర్నాటి ఉదయం రెండు పౌన్లు కలపమనీ సూచన. ఎండ తీవ్రతను బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది గనుక దీనిని శాసనంగా తీసుకోరాదు. పుస్తకంలోని అంకెను సవరించుకోవడానికే తప్ప, దానిని తోసిపుచ్చడానికి ఇది పనికిరాదు.

గాలి మితిమీరినా చేటే. టైరు రాయిలా బిగుసుకొని ప్రతి గతుకుకూ ఎగురుతుంది. ఎగిరిన క్షణంలో బ్రేకుకు పట్టు దొరకదు. వానాకాలంలో పట్టు కోసం గాలి తగ్గించమనే సలహా తరచు వినిపిస్తుంది. తారు రోడ్డు మీద అది తప్పు. గాలి తగ్గితే నీటిని బయటకు నెట్టే గాళ్లు ముడుచుకుపోతాయి. కంకర దారిలో నెమ్మదిగా పోయేటప్పుడు కొద్ది పౌన్లు తగ్గించుకోవచ్చు. అయితే తిరిగి ఎక్కించడానికి చేతి పంపు వెంట ఉండవలెను. ట్యూబు టైరు గలవారు మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి, పాము కాటు వలె రెండు గంట్లు పడతాయి.

గాలి లెక్కలోని వింత పూర్తిగా బయటపడేది లడాఖ్ దారిలో. కొలత సాధనం చూపేది లోపలి ఒత్తిడికీ బయటి వాతావరణ ఒత్తిడికీ మధ్య గల తేడాను మాత్రమే. బయటి ఒత్తిడి హైదరాబాదులో 14 పౌన్లకు దగ్గరగా ఉంటే, 5,300 మీటర్లు దాటిన టాగ్లాంగ్ లా కనుమ మీద 8 కంటె తక్కువ. హైదరాబాదులో 30 డిగ్రీల ఉదయాన 36 పౌన్లు ఎక్కించిన టైరు ఆ కనుమ మీద 5 డిగ్రీల చలిలో ఎంత చూపుతుంది? చలి 4 పౌన్లు తీసివేస్తుంది, ఎత్తు 6 పౌన్లు కలుపుతుంది, వెరసి 38. లోపలి గాలి ఒక్క రవ్వ పెరగలేదు, తరగలేదు. కొండ ఎక్కితే టైరు పగులుతుందని మనాలీలోనే గాలి తీసివేసేవారు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే ఆ పని చేయరు.

ఇంత లెక్కా కొలత సాధనం నిజం చెప్పినప్పటి మాట. బంకులలో రోజంతా నేల మీద పడి దొర్లే సాధనాలు ఒక్కొక్కటి ఒక్కొక్క మాట చెబుతాయి. సొంత సాధనం ఒకటి కొని, ప్రయాణమంతా దానినే నమ్మడం మేలు. నైట్రోజను నింపుతామని డబ్బు అడిగే చోట్ల మోమాటపడనవసరం లేదు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజను ఉన్నది. వేడికీ చలికీ అదీ ఇదీ ఒకే విధంగా పెరుగుతాయి, తరుగుతాయి. తేమ లేకపోవడం దానిలోని ఒక లాభం. ఆ డబ్బుతో వాల్వు మూతలు కొత్తవి కొనుక్కోవచ్చు.

ఇక తిరుగు ప్రయాణం. లేహ్‌లో 25 డిగ్రీల వెచ్చదనంలో, చల్లని టైరులో 36 పౌన్లు సరిచూసుకున్న వాహనం ఢిల్లీ చేరి, 35 డిగ్రీల ఉదయాన కొలతకు నిలిస్తే అదే టైరు 33 చూపుతుంది. ఎక్కడా గాలి కారలేదు. దిగివచ్చిన దారిలో బయటి ఒత్తిడి పెరిగింది. అక్కడి నుండి దక్షిణానికి వేసవి రహదారి 1,500 కిలోమీటర్లు ఉన్నది. ఆ ఉదయమే, బండి కదలక ముందే, తగ్గిన మూడు పౌన్లు ఎక్కించుకోవలెను.