తీగె తగలని విద్యుత్తు

బల్లమీద అరచేతి పాటి పలక ఒకటి ఉంటుంది. దానిమీద సెల్‌ఫోను ఊరికే పెడితే చాలు, బ్యాటరీ నిండటం మొదలవుతుంది. ఫోనుకు తీగె గుచ్చే పని లేదు. చూసేవారికి ఇది ఇంద్రజాలంలా తోస్తుంది. కాని ఇందులోని కిటుకు దాదాపు రెండువందల ఏళ్ళనాటిది.

మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. చిన్నతనంలో లండనులో పుస్తకాలకు అట్టలు వేసే దుకాణంలో పనిచేస్తూ, అక్కడికి వచ్చిన పుస్తకాలే చదివి శాస్త్రజ్ఞుడైనాడు. 1831 ఆగస్టులో ఆయన ఒక ఇనుప కడియానికి ఇరువైపులా రెండు తీగె చుట్టలు చుట్టాడు. ఒకదానికి బ్యాటరీ తగిలించగానే, దానిని తాకనైనా తాకని రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టి, పక్కనున్న అయస్కాంతపు ముల్లు కదిలింది. మరుక్షణం ఆగిపోయింది. బ్యాటరీ తీసివేయగానే మళ్ళీ కదిలింది. విద్యుత్తు నిలకడగా పారినంతసేపూ ముల్లులో చలనం లేదు. మార్పు ఉంటేనే ఫలితమన్నమాట!

ఈనాటి పలకలో ఒక రాగి చుట్ట, ఫోను వీపులో మరొకటి ఉంటాయి. పలకలోని విద్యుత్తు సెకండుకు లక్షకు పైగా మార్లు దిశ మార్చుకుంటుంది. దానితోపాటు అయస్కాంత క్షేత్రమూ మారుతూ, పై చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. మన వంటింటి ఇండక్షన్ పొయ్యిదీ ఈ సూత్రమే. అక్కడ రెండవ చుట్టకు బదులు గిన్నె అడుగే వేడెక్కుతుంది.

దీనికి దూరమే శత్రువు. ఫోను కాస్త పక్కకు జరిగినా కొంత శక్తి వృథాగా వేడి అయిపోతుంది. అందుకే 2023లో వచ్చిన ‘చీ2’ ప్రమాణంలో రెండు చుట్టలూ ఎదురెదురుగా కుదురుకునేటట్లు అయస్కాంతాలు అమర్చారు. పేరు విని నవ్వకండి. చైనా భాషలో ‘చీ’ అంటే ప్రాణశక్తి అట!

దూరాన్ని జయించాలని చూసినవారూ లేకపోలేదు. ఒకే శ్రుతిలో కలిపిన రెండు వీణలలో ఒకటి మీటితే రెండవదీ పలుకుతుంది కదా! అలా శ్రుతి కలిపిన చుట్టలతో 2007లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. శాస్త్రజ్ఞులు రెండు మీటర్ల దూరంలో 60 వాట్ల బల్బు వెలిగించారు. చేరిన శక్తి మాత్రం నూటికి 40 పాళ్ళే.

ఇక బండ్ల సంగతి. 2013లో దక్షిణ కొరియాలోని గుమి పట్టణంలో రోడ్డు కింద అక్కడక్కడ చుట్టలు పాతి, 24 కిలోమీటర్ల దారిలో బస్సులు నడిపారు. నేలకూ బస్సుకూ మధ్య 17 సెంటీమీటర్లు. నూటికి 85 పాళ్ళ శక్తి చేరుతుందని నిర్మాతలు ప్రకటించారు. దారిలోనే ఛార్జి దొరికితే బస్సుకు పెద్ద బ్యాటరీ మోసే బరువు తప్పుతుంది. కాని అందుకు రోడ్డు తవ్వాలి, ఆ ఖర్చు భరించాలి.

మన ఇంటి లెక్క చూద్దాం. రోజూ నింపితే ఒక ఫోనుకు ఏడాదికి సుమారు అయిదారు యూనిట్లు పడతాయనుకుందాం. అందులో సగమంత అదనంగా వృథా అయినా మూడు యూనిట్లే. కరెంటు బిల్లులో అది కనబడదు. అదే 40 యూనిట్లు పట్టే కారులో నూటికి పది పోతే, నింపిన ప్రతిసారీ నాలుగు యూనిట్లు గాలికి పోయినట్లే. ఫోనుకు అసలు నష్టం డబ్బు కాదు, వేడి. వేడెక్కినకొద్దీ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

కనుక ఇటువంటి పలక కొన్నవారు ఫోనుకు మందపాటి తొడుగు ఉంటే తీసి పెట్టడం మంచిది. మధ్యలో నాణేలు, తాళంచెవులు ఉండకూడదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్న పెద్దలు ఇంట్లో ఉంటే, పలకనూ ఫోనునూ వారి ఛాతీకి దూరంగా ఉంచి, ముందుగా డాక్టరును అడగాలి. పడుకునే మంచం పక్కన ఆ పలక పెట్టేముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.